ముసురులో జొన్నచేను

మొన్నటి వానకు గోపన్‌పల్లి దారిలో మా అమ్మాయి కారు ముందుకు పోలేక, వెనక్కు తిరగలేక నిలిచిపోయినప్పుడు, వెనుక సీటులో కూర్చున్న నేను అలవాటు కొద్దీ ఫోనులో వర్షపాతం ఎంతో చూశాను. వర్షమాపకంలో నీరు కొలిచి నమోదు చేస్తూ ఉద్యోగజీవితమంతా గడిపినవాణ్ణి. అంకె లేని వాన నా దృష్టిలో వాన కాదు. "మిల్లీమీటర్లు చూస్తే కార్లు కదులుతయా నాయినా? జర కండ్లు మూసుకో" అని అమ్మాయి నవ్వింది. నేను మూసుకోలేదు. నా కిటికీ పక్కనే, రోడ్డు నడిమి డివైడరు మట్టిలో, నాటిన పూలమొక్కలను మించి ఊదగడ్డి ఏపుగా లేచి ఉంది. దానిని చూస్తుంటే ఏ దప్తరులోనూ నమోదు కాని మరొక వాన గుర్తుకు వచ్చింది.

నా చిన్నతనంలో మా చెల్క, అంటే మెట్టచేను, ఆ దారికి దగ్గరలోనే ఉండేది. కొలిచి చూడలేదు కనుక అంతకు మించి చెప్పను. ఏ సంవత్సరమో కూడా రూఢిగా తెలియదు. పుష్యమి కార్తె అని అమ్మ అనేది. కార్తె అంటే ఇంచుమించు ఒక పక్షం. నావంటివాడికి అది తేదీ కాదు.

జొన్న మోకాలెత్తు కాకముందే ముసురు పట్టింది. వానాధారపు పైరుకు వాన ఎంత అవసరమో, మొలిచిన తొలినెలలో నడుమ నడుమ వాన తెరిపిచ్చే వరపూ అంతే అవసరం. తడి ఆరనిదే సాళ్ల మధ్య గుంటుక తోలరాదు. తోలినా, తెగిన కలుపు తడిమట్టిలో మళ్లీ వేరు పట్టి లేస్తుంది. ఎడ్లు కొట్టంలో, గుంటుక గోడవార, మేమందరం వసారాలో చిక్కుబడి, ఎదుటి చేనులో జొన్నను కలుపు కమ్ముకుంటుంటే చూస్తూ ఉండిపోయాము. ఏడాది పొడుగునా మా ఇంటి రొట్టెకు ఆ చేనే ఆధారం. చివరకు నాయన, అంతా దున్నేసి ఉలవ చల్లుదామన్నాడు.

"ఏడాదంతా ఉలవలు తినెటందుకు మనమేమన్న ఎడ్లమా?" అని అమ్మ కొంగు బిగించి వానలోనే చేనులోకి దిగింది. వెనుకనే మేనత్త, పెద్దక్క. ముగ్గురూ మునుము పట్టి, ఎవరి సాలులో వారు కలుపు పీకుతూ ఒకే వరుసగా ముందుకు జరిగేవారు. సాలు కొస ముట్టకుండా ఎవరూ లేవకూడదు. పీకిన గడ్డి అక్కడే పడితే బతుకుతుంది కనుక, దానిని గంపలకెత్తి గట్టు మీద పోయడం నా వంతు. కాలును బురద వదిలేది కాదు. నేను నిలబడిపోతే మేనత్త, "ఏందిరా, నువ్వు గూడ వేరు పట్టినవా? పీకాల్నా?" అనేది.

వరపు వచ్చేనాటికి సగం చేను దక్కింది. ఆ సగం కూడా నా కంటి అంచనాయే. తక్కిన దానిలో నాయన ఉలవ చల్లాడు. ఎండాకాలం చివర జొన్నలు నిండుకున్నాక ఉలవ గుగ్గిళ్లు తింటుంటే, మేనత్త ఎడ్లను చూపించి, అటు పోయి కూర్చోండని మమ్మల్ని ఆటపట్టించేది.

కారు ఇంకా కదలలేదు. అద్దం దించి, చెయ్యి చాచి, ఒక ఊదగడ్డి దుబ్బును వేరుతో పెరికాను. "కారు లోపటికెందుకు నాయినా, పారెయ్" అంది అమ్మాయి. తడిమట్టిలో పారేస్తే మళ్లీ బతుకుతుంది. వేయడానికి గట్టు కోసం అటూ ఇటూ చూశాను. కనుచూపు మేర కార్లే. ఆనాడు మేము చిక్కుకున్న చోట చేతులకు పని ఉండేది. ఇంటికి చేరేదాకా ఆ దుబ్బును ఒడిలోనే పెట్టుకున్నాను.