చీమముద్దు

ఆ పెద్దాసుపత్రి నేలకింది అంతస్తులో దుప్పట్లు ఉతికే గది ఉంది. వార్డులన్నింటి నుంచీ మూటలు అక్కడికే దిగుతాయి. పొడుగాటి రేకుబల్ల చుట్టూ నిలబడి, మూటలు విప్పి, దుప్పట్లు ఒక పక్కకీ, గౌన్లు ఒక పక్కకీ, నెత్తురంటినవి ఇంకో పక్కకీ వేసే ఆడవాళ్ళలో అందరికంటే పాత మనిషి మాటలక్క. కన్నతల్లి పెట్టిన పేరు హాజరుపట్టీలోనే ఉండిపోయింది. వాగుడుకాయ అని కాదు, మాటలు పుట్టిస్తుందని ఆ పేరొచ్చింది.

కొత్తగా ఏది కనబడినా దానికో పేరు పెట్టందే ఆమెకు తోచదు. వేడిగాలితో మొహాలు మాడ్చే ఆరబెట్టే మిషను గాడ్పుపెట్టె అయింది. ఏ సంగతి అడిగినా "రేపు చూద్దాం" అనే సూపర్‌వైజర్‌కి ఆ వాక్యమే పేరైంది. "రేపుచూద్దాం వస్తున్నాడర్రా" అంటే చేతులు చకచకా ఆడేవి. మొగుడు కొట్టో, బిడ్డకు జ్వరమొచ్చో ఏడ్చి వచ్చినవాళ్ళవి సబ్బుకళ్ళు. "దానికివాళ సబ్బుకళ్ళు, కదిలించకండి" అంటే చాలు, ఎవరూ ఆరా తీయరు, బరువు మూటలు తామే లాక్కుంటారు. ఆ మాట లేనప్పుడు ఆ మర్యాదా లేదు. రెండు పాతగుడ్డలు కలిపి కుడితే బొంత అయినట్టు రెండు పాత మాటలు కలిపి కుడితే కొత్తది తయారవుతుంది, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు అనేది మాటలక్క.

చీమముద్దు కూడా అలా కుట్టిందే. వాడి పారేయాల్సిన సూదులు వార్డుల్లో హడావిడి వల్ల దుప్పటి మడతల్లో ఉండిపోయి, మూటల్లో కిందికి వస్తాయి. వీళ్ళకిచ్చే గ్లౌజులా, ఉల్లిపొరలు. ఒకప్పుడు ఒకామె వేలికి సూది దిగి భయంతో కొయ్యబారిపోతే, మాటలక్క ఆ వేలు కుళాయి కింద పట్టి, "ఏం కాలేదే, చీమ ముద్దెట్టుకుంది" అంది. బల్ల చుట్టూ నవ్వులు. ఏడుపు మొహంతోనే ఆమె కూడా నవ్వింది. అప్పట్నుంచీ సూది గుచ్చుకుంటే చీమముద్దు. వేలు కడుక్కోవడం, కొంగుకు తుడుచుకోవడం, మళ్ళీ మూట విప్పడం. భయానికి మందు కనిపెట్టానని మాటలక్క లోలోపల గర్వపడింది కూడా.

ఈమధ్యే తన తోడికోడల్ని ఆ పనిలో పెట్టించింది. మరిది భార్య, ఇంకా చిన్నపిల్ల. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటుండగా ఆ పిల్ల వేలు చూపించి మురిపెంగా చెప్పింది.

"అక్కా, నాకూ నిన్న చీమముద్దు దొరికింది! ఇక నేనూ మీలో కలిసినట్టే."

మూత తీస్తున్న మాటలక్క చెయ్యి ఆగింది. "ఎలాంటి సూదే?"

"లావుపాటిది. గొట్టంలో ఇంకా నెత్తురుంది. బాగా లోతుకే దిగిందక్కా."

"ఎవరికైనా చెప్పావా?"

"దీనిక్కూడా చెప్పుకుంటారా? నవ్వరూ?"

బల్లకు ఆ చివర నిలబడే పెద్దావిడ కిందటేడు కళ్ళు పచ్చబడి పని మానేసింది. సూదులకూ ఆ పచ్చదనానికీ సంబంధం ఉంటుందేమోనని ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? ముద్దుల వల్ల కళ్ళు పచ్చబడతాయా? సూది గుచ్చుకున్న నర్సులకు వెంటనే పరీక్షలు చేసి మాత్రలిస్తారనీ, ఆలస్యమైతే అవి పనిచేయవనీ మాటలక్క ఎప్పుడో విన్నది. విని, అది నర్సుల గొడవ అనుకుంది. ఇక్కడివి చీమలు కదా. ఇప్పుడు డబ్బా మూసేసి లేచింది.

పిల్లను చెయ్యి పట్టుకుని సూపర్‌వైజర్ గదికి లాక్కెళ్ళింది. క్యాజువాలిటీలో చూడాలంటే ఆయన చీటీ రాయాలి.

"సూది గుచ్చుకుంది సార్. నెత్తురున్న సూది."

ఆయన పిల్ల వేలి వంక చూశాడు. కంటికేమీ ఆనలేదు. "ఓ, చీమముద్దా!" అని నవ్వాడు. "మీరే పెట్టుకున్నారుగా ఆ పేరు? చీమ కుట్టిందని చీటీ రాస్తే పైవాళ్ళు నన్ను తిడతారమ్మా. వెళ్ళండి, రేపు చూద్దాం."

మాటలక్కకు చెంప పగిలినట్టైంది. తమను తాము ఓదార్చుకోవడానికి కుట్టుకున్న మాట ఈయన ఒంటికి ఎంత అతికినట్టు సరిపోయింది! మంచి గ్లౌజులు కొనకుండా తప్పించుకోవడానికి పైవాళ్ళు ఏళ్ళ తరబడి బుర్ర చించుకున్నా ఇంతకంటే పనికొచ్చే మాట దొరికేది కాదు. గుచ్చుకున్నవాళ్ళ చేతే గుచ్చుకోలేదనిపించే మాట. దాన్ని వాళ్ళకు ఊరికే ఇచ్చింది తను.

బల్ల దగ్గరకొచ్చి, "ఇకనుంచి ఆ మాట ఎవరూ అనకండే" అంది.

"ఏ మాట? చీమముద్దా?"

"అనొద్దంటే మళ్ళీ అంటావేం!"

"మరేమనాలి? పుట్టించింది నువ్వు, పీక నొక్కేది మేమా?" అంది ఎదుటామె.

"సూదిపోటు అందాం."

"మా ఆయన గ్యాసు పట్టినప్పుడల్లా గుండెల్లో సూదిపోటంటాడు. నేనే పట్టించుకోను."

నవ్వబోయినవాళ్ళు పిల్ల మొహం చూసి ఆగిపోయారు. మడతలు పెట్టే ఆవిడ, రోజంతా నోరు విప్పని మనిషి, తలెత్తకుండానే అంది.

"నెత్తురుసూది."

ఒకామె గ్లౌజులు తీసి వేళ్ళు చూసుకుంది. పక్కనామె ఎప్పటిదో పాత గాటు తడుముకుంది. తనకా మాట ఎందుకు తట్టలేదో మాటలక్కకు తెలిసింది. తనెప్పుడూ నొప్పిని చిన్నది చేసే మాటల కోసమే వెతికింది.

"నాకు ఎన్ని నెత్తురుసూదులు దిగాయో" అంది ఎదుటామె మెల్లగా. అంతే, మాట నిలబడింది.

కొత్త మూటలు తెచ్చిన వార్డుబాయ్‌తో మాటలక్క, "వీటిల్లో నెత్తురుసూదులొస్తున్నాయి. ఈ పిల్లకు దిగింది. దీన్ని డాక్టరు చూసేదాకా మూట విప్పం. పైన చెప్పు" అంది. మూటలు గుమ్మం దాకా పేరుకున్నాయి. సూపర్‌వైజర్ వచ్చి కేకలేశాడు. ఉద్యోగాలు ఊడతాయన్నాడు.

"రేపు చూద్దాం సార్" అంది మాటలక్క. చేతులు కట్టుకున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.

ఆపరేషన్ గదికి దుప్పట్లు అందకపోయేసరికి హెడ్ నర్సు తానే దిగివచ్చింది. గుమ్మంలోంచే, "నెత్తురుసూది ఎవరికి దిగింది?" అని అడిగింది. దాని అర్థమేమిటని పైన ఎవరూ ఎవర్నీ అడిగినట్టు లేదు.

"చీటీ ఇంకా..." అని నసిగాడు సూపర్‌వైజర్.

"నేను రాసుకుంటాను. మీరు పక్కకు తప్పుకోండి."

క్యాజువాలిటీలో పిల్లకు రక్తం తీశారు, మాత్రలిచ్చారు. సమయం దాటిపోలేదన్నారు. పరీక్షలు మాత్రం కొన్ని నెలలు మళ్ళీ మళ్ళీ చేయాలి, అప్పటిదాకా ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు. మాటలక్క పక్కనే బెంచీ మీద కూర్చుంది. కింద బల్ల దగ్గర ఆ పాతమాట ఇంకా చాలాకాలం నోళ్ళలోంచి జారుతూనే ఉంటుందని ఆమెకు తెలుసు. పుట్టించినంత సులువుగా వెనక్కి పిలవలేం.

పిల్ల మాత్రను అరచేతిలో పెట్టుకుని దానివంకే చూస్తోంది.

"అక్కా, ఇవి మింగితే కడుపులో తిప్పి వాంతులవుతాయంట. దానికేం పేరు పెడదాం?"

"వాంతులనే అంటారే దాన్ని" అంటూ మాటలక్క నీళ్ళ గ్లాసు అందించింది. "మింగు."