పుంగనూరుకు ఎత్తుకుపోయిన లేతు

మొన్న మదనపల్లెలో పాత ఇనుప సామాన్ల కొట్టు ముందునుంచి పోతుంటే కొట్టాయన లోపలినుంచే కేకేశాడు. "ఏమప్పా, గ్రైండరు మోటారొకటి వచ్చుండాది. ఇంకో లేతు సేస్తావా? మీ మామకు కోపం తగ్గిందా?" బజారంతా ఆగి నావైపు చూసింది, కనీసం నాకలా అనిపించింది. మామతో చేసిన ఆఖరి యుద్ధానికి ఆయుధాలన్నీ ఆ కొట్టులోనే కొన్నాను కాబట్టి, అడిగే హక్కు ఆయనకుంది.

మామంటే మా ఆవిడ తండ్రి. పుంగనూరులో నలభై ఏళ్లు, కాలితో తొక్కే లేతు మీద కొయ్యను తిప్పుతూ మంచం కోళ్లు చెక్కిన మనిషి. ఆయన ఉలి ఆనిస్తే కొయ్యపొట్టు రిబ్బన్లలా లేచి ఎదురింటి గడపదాకా పోయేది. పెళ్లయిన కొత్తలో నేను ఆ ఉలితో పెయింటు డబ్బా మూత తెరిచాను. అంచు ఆవగింజంత విరిగింది. ఆయన మాత్రం వంశమే కూలిపోయినట్టు చూశాడు. ఆ తరవాత పద్దెనిమిదేళ్లు మా ఇద్దరి మధ్య ఆ డబ్బానే ఉంది. బిస్కెట్ల డబ్బా ముందు పెట్టినా, "దీని మూత గూడా నా ఉలితోనే తీస్తివా?" అనేవాడు.

చివరికి మోకాళ్లు అరిగి, తొక్కడం ఆగిపోయింది. ఉలులను నూనెగుడ్డలో చుట్టి రేకుపెట్టెలో పెట్టి, కుప్పంలో ఉండే నా తోడల్లుడికి ఇస్తానని ప్రకటించాడు. ఆ మహానుభావుడు వాటిని హాల్లో గోడకు అలంకారంగా తగిలిస్తాడట! నా కడుపు మండింది.

"నాకియ్యి మామా. లేతు నేనే సేసుకుంటా, కోడు తిప్పి సూపిస్తా."

"నువ్వా?" మామ నన్ను పాదాలనుంచి బట్టతలదాకా కొలిచాడు. "సూద్దాం. కోడు నున్నంగా వస్తే పెట్టె నీది. రాకుంటే ఆ పొద్దే కుప్పానికి పంపిస్తా."

నెల రోజులు నిద్రాహారాలు మానాను (ఆహారం మానలేదని మా ఆవిడ అంటుంది). గ్రైండరు మోటారు, విరిగిన ఇనుపమంచం పట్టీలు, రెండు బేరింగులు, మూతబడ్డ రైసుమిల్లు బెల్టులోంచి కోసిన పట్టీ. తొలిసారి స్విచ్చి వేసినప్పుడు ఇల్లు లేచిపోయి వాల్మీకిపురంలో దిగుతుందేమోనని మా ఆవిడ తలుపు పట్టుకుంది. అంత దూరాన ఉన్న పెద్దపంజాణిదాకా ఆవులు బెదిరాయని నేను ఇప్పటికీ నమ్ముతాను.

పరీక్షనాడు మామ పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగాడు. కాఫీ వద్దన్నాడు. నేను కొయ్య బిగించి, బజార్లో కొన్న ఉలి ఆనించాను. ఉలి ఎగిరి గోడకు తగిలింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఎగిరింది.

"ఆపప్పా! కొయ్య నిన్ను సూసి పారిపోతాండాది. పైనుంచి నీ తట్టుకు దిగాల్సింది, కిందనుంచి పైకి పోతాండాది. నెల దినాలు సేసి ఇది గూడా సూసుకోలేదా?"

పెట్టె కుప్పం బస్సెక్కినట్టే అనుకున్నాను. మామ కుంటుకుంటూ వచ్చి, బెల్టు ఊడదీసి, ఒక్క మెలిక వేసి మళ్లీ తగిలించాడు. స్విచ్చి వేస్తే కొయ్య ఎదురు దిక్కుకు తిరిగింది. పెట్టె తెరిచి తన ఉలి తీశాడు. గంటసేపు ఆయన చేతుల మీద పొట్టు రాలుతూనే ఉంది. మధ్యలో ఒకసారి కుడికాలు అలవాటుగా పైకి లేచింది. కింద తొక్కడానికి ఏమీ లేదు. ఆయన ఆ కాలివైపు కాసేపు చూసి, మెల్లగా కింద పెట్టుకున్నాడు.

"నున్నంగా వచ్చింది మామా, పెట్టె నాదే" అన్నాను, సిగ్గు లేకుండా.

"తిప్పింది ఎవురు? ఇంత సెత్త లేతు నా జన్మలో సూళ్లేదు. ఆటో పిలువు."

"యాడికి?"

"పుంగనూరికి. దీన్ని నీ కాడ పెడితే మనుషుల్ని సంపుతావు."

లేతు, కోడు, ఉలుల పెట్టె, మూడూ ఆటో ఎక్కాయి. కదిలే ముందు నా చేతిలో ఒక తుప్పు పట్టిన స్క్రూడ్రైవరు పెట్టి, "డబ్బా మూతలకు ఇది పెట్టుకో" అన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోను వస్తుంది. "ఏమప్పా, నీ బేరింగు ఏడుస్తాండాది. నీ మోటారు దగ్గుతాండాది." తిట్ల వెనక లేతు తిరుగుతున్న హోరు. మెచ్చుకోలు ఇంతవరకు ఒక్కటీ రాలేదు. వస్తే నాకే భయం వేస్తుంది. కుప్పంలో ఆ గోడ ఇంకా ఖాళీగానే ఉందట. ఆ ఉలులు ఏదో ఒకనాటికి నాకే వస్తాయని తెలుసు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదని మాత్రం ఈమధ్యే తెలుస్తోంది.