మా అత్తగారి బోసి చేతులు

మొన్న బుధవారం తెల్లవారుతూనే మా అత్తగారు కాలం చేశారు. రాయగడ బజారులో ఒక్క కొట్టూ మూయలేదు. చింతపండు, పసుపు టోకు వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలు పోతే కొట్లు కాసేపు మూయడం మా ఊళ్ళో మర్యాద. ఆ మర్యాద ఆవిడకు దక్కలేదు. ఎందుకో పాతవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఆవిడ శాంతమూర్తి అని రాస్తే ఆవిడే లేచొచ్చి నన్ను తిడతారు. నోరు కారం. చారులో ఉప్పెక్కువైతే గిన్నె నా ముందుకే జరిపి తాగమనేవారు. కాపరానికొచ్చిన కొత్తలో దొడ్లో కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. కానీ గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టేముందు కులం అడగడం నేనెన్నడూ చూడలేదు. "ఆకలికి పేరేటమ్మీ?" అనేవారు.

ఆవిడకున్న ఒకే ఒక్క సరదా గాజులు. గాజుల సాయిబు వచ్చి మా వీధి అరుగు మీద పెట్టె దించితే ఇంట్లో పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఆవిడది ఎముక లావు చెయ్యి. సాయిబు దాన్ని సబ్బునీళ్ళతో తడిపి, బొటనవేలు లోపలికి మడిచి, పిండి పిసికినట్టు మెత్తగా పిసుకుతూ గాజు ఎక్కించేవాడు. ఇంకో మగవాడు ఆడదాని చెయ్యి పట్టుకుంటే తలలు పగిలే వీధి అది. సాయిబు పట్టుకుంటే మాత్రం ఎవరూ తిరిగి చూసేవారు కాదు.

దేశం రెండు ముక్కలైన రోజులవి. రైలు దిగిన ప్రతివాడూ ఎక్కడిదో ఒక కబురు మోసుకొచ్చేవాడు. నిన్నటిదాకా సాయిబు అన్నవాళ్ళే తురకోడు అనడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం అత్తగారి ఎడమచేతికి గాజులు నిండి, కుడిచేతికి ఎక్కుతుండగా బజారు వైపు నుంచి మంట, మంట అని కేకలు వినబడ్డాయి. సాయిబు ఉలిక్కిపడ్డాడు. గాజు చిట్లి ఆవిడ వేలి కణుపు తెగింది. కాలింది బజారులో ఇంకో షావుకారి గోదాము. సాయంత్రానికల్లా నిప్పు పెట్టింది సాయిబేనని ఊరు తేల్చేసింది. పోలీసులు పట్టుకుపోయారు.

వర్తకులంతా కూడి, ఆ కుటుంబానికి కొట్టు అద్దెకివ్వకూడదని, సరుకు అమ్మకూడదని మాట అనుకున్నారు. మా మామగారూ అక్కడ తల ఊపి వచ్చారు. అతను మన అరుగు మీదే ఉన్నాడని చెప్పారా అని అత్తగారు అడిగితే ఆయన కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆవిడ ఠాణాకు బయల్దేరారు. నేనూ చూశాను కదా, వస్తానన్నాను.

"వద్దమ్మీ. నీకింకా సానా బతుకుంది. పోతే నా పరువు పోనీ."

అక్కడ జరిగింది ఊరంతా ఎంతకాలం చెప్పుకుందో. అతను ఆ వేళ మీ అరుగు మీదే ఉన్నాడని ఎలా చెప్పగలవమ్మా అని ఇన్‌స్పెక్టరు అడిగితే, వేలికి కట్టిన గుడ్డ విప్పి చూపించారట. "మంట అని కేకేసినప్పుడు నా సెయ్యి అతని సేతిలో ఉంది."

షావుకారి ఇంటి ఆడది, మగవాళ్ళ మధ్య నిలబడి, అలాంటి రోజుల్లో ఆ మాట అనడం! అక్కడున్నవాళ్ళలో కొందరు వెకిలిగా నవ్వారట. ఆవిడ అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పారట.

సాయిబును వదిలేశారు. కానీ అతను ఠాణాలో ఉండగానే ఊళ్ళోవాళ్ళు అతని ఇల్లు కాల్చేశారు. ఆ నిప్పు ఎవరిదని ఏ పోలీసూ అడగలేదు. పెళ్ళాం పిల్లలతో ఊరు విడిచి విజయనగరం వైపు పోతూ మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. తువ్వాల్లో మిగిలిన గాజులు కొన్ని ఉన్నాయి.

"సగం సెయ్యి ఒగ్గేసేను తల్లీ. పూర్తి సేసి పోతాను."

"ఇప్పుడొద్దు. తిరిగొచ్చి ఎయ్యి. అందాకా నేనేసుకోను," అన్నారు అత్తగారు. అతను వెళ్ళాక ఎడమచేతివి కూడా తీసేశారు.

సాయిబు మళ్ళీ రాలేదు. విజయనగరం వైపు ఎవరు వెళ్తున్నా ఆవిడ వాకబు చేయించేవారు. ఉన్నాడో లేడో కూడా తెలియలేదు.

మొగుడుండగా బోసి చేతులు! పేరంటాలకు పిలవడం మానేశారు. మామగారు కేకలేశారు, బతిమాలారు. బతికుండగానే నన్ను చంపేశావని ఒకసారి ఏడ్చారు కూడా. మీకేం కాలేదు, అయింది వాళ్ళకి అని ఈవిడ జవాబు.

ఆ తరువాత ఎవరి మీద ఊరు ఎగబడినా అత్తగారు కొంగు దోపుకుని బయల్దేరేవారు. కొండ కింది కిరస్తానీలను నూతి దగ్గరికి రానివ్వకపోతే వెళ్ళి గిలక పక్కన నిలబడ్డారు. గెలిచింది తక్కువ. ఆ నుయ్యీ వాళ్ళకు దక్కలేదు. మరెందుకండీ వెళ్ళడం అని నేను విసుక్కునేదాన్ని.

"సూసినోళ్ళు సూసేమని సెప్పాలి గదే," అనేవారు.

బుధవారం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొందరు వచ్చారు. ఎంతైనా ముత్తయిదువ చావు కదా. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. బోసి చేతులతో పంపకూడదని ఒకావిడ గాజులు తెచ్చి, బిగుసుకున్న చెయ్యి పట్టుకుంది. మూల కూర్చున్న మామగారు గోడ పట్టుకుని లేచారు. ఆ చేతులు నిండుగా ఉండాలని ఇన్నేళ్ళూ పోరిన మనిషి.

"ఒగ్గీండి," అన్నారు. "సాయిబు రాలేదు గదా."

గాజులు చాప మీదే ఉండిపోయాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. తెరిచి ఉన్న కొట్ల ముందు నుంచి పాడె సాగిపోయింది. దాని మీద పసుపు రాసిన రెండు బోసి చేతులు, కుడిచేతి వేలి కణుపు మీద పసుపు అంటని తెల్లటి గీత.