నేను అరగదీసిన పుల్ల

టేకు పొట్టు వాసనకు నేను ఇప్పటికీ తలదించుకుంటాను. నారాయణఖేడ్‌లో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న రంపం మిషన్ పెట్టుకుని సెలవు రోజుల్లో పెట్టెలు చేస్తుంటాను. బల్ల మధ్యలోంచి లేచిన గుండ్రటి రంపం చెక్కను తాకగానే వేడిగా, కొంచెం తియ్యగా ఆ వాసన వస్తుంది, దాని వెంటే చిన్నప్పుడు నేను చేసిన పాడుపని గుర్తొస్తుంది.

మా నాయినది వడ్ల పని, అంటే వడ్రంగం. ఇంటి ముందు పందిరి కింద, మోటారు బిగించి తానే తయారు చేసుకున్న రంపం బల్ల ఉండేది. వానలు వెనుకబట్టి, తంగేడు విరగబూసి, మలీద ముద్దలకు అమ్మ బెల్లం దంచుతుంటే వాకిలంతా ఆ తీపి వాసనా టేకు పొట్టూ కలిసిపోయే బతుకమ్మ రోజుల్లో, మా వీధిలోనే ఉండే గాజుల ఖాలా షేర్ ఆటోలెక్కి సిర్గాపూర్, మనూర్ ఊళ్లన్నీ తిరిగి గాజులు అమ్మేది. ఆ ఏడు ఆమె నాయినను కొత్త పెట్టె చేయమంది. గాజుల పెట్టెకు మేకు కొట్టకూడదు, మొన తేలితే గాజులు పగులుతాయి. అందుకే నాయిన పలకల అంచులకు పళ్లు కోసి, రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు మూలలు బిగించేవాడు.

పళ్లన్నీ ఒకే వెడల్పున రావడానికి రంపం పక్కన ఒక చింత పుల్ల నిలబెట్టుకున్నాడు. కోసిన గాడిని పుల్లకు తొడిగి పక్క గాడి కోయాలి, దాన్ని తొడిగి ఆ పక్కది. పుల్ల వెంట్రుకవాసి సన్నబడినా చెక్క కదులుతుంది, ఒక్కో పంటికీ ఆ తేడా పెరుగుతూ పోయి చివరి పళ్లు ఒకదాన్నొకటి ఢీకొంటాయి.

"గా పుల్లను ముట్టకు బిడ్డా, గదే నా కొలత" అనేవాడు.

ముట్టాను. జొన్నరొట్టె తిని నాయిన నడుం వాల్చిన ఒక మధ్యాహ్నం, చిర్రగోనె, అదే బిళ్లంగోడు ఆటకు చిర్ర దొరక్క ఆ పుల్ల పీకేశాను. ఆటలో రాయి తగిలి ఒక పక్క చెదిరింది. గడప బండ మీద నున్నగా అరగదీసి, మళ్లీ సుత్తితో దిగ్గొట్టి, ఎవరికీ తెలియదులే అని మురిసిపోయాను కూడా.

మర్నాడు పెట్టె మూల కుదరలేదు. ఒక కొసన సందు, ఇంకో కొసన పళ్లు అడ్డం. నాయిన ఇంకో పలక కోశాడు, అదీ అంతే. కళ్లు తుడుచుకుని మూడోది కోశాడు. తన చేత్తో చెక్కి ఏళ్లుగా నమ్మిన పుల్ల మీద ఆయనకు అనుమానం రాలేదు, కళ్ల మీద వచ్చింది. నేను గడపలోనే నిలబడి ఉన్నాను. దెబ్బలకు భయపడి నోరు మెదపలేదంటే అబద్ధం, ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. మంచి పిల్లననే పేరు పోతుందని ఊరుకున్నాను.

సాయంత్రం ఖాలా వచ్చి పెట్టెను తిప్పి చూసింది.

"ఏంది భయ్యా, మేకులు కొట్టినవ్?"

"కండ్లు ఆనుతలేవు ఆపా. ఇగ గీ పండ్ల పని నాతోని కాదు."

ఖాలా పెట్టెను చంకన పెట్టుకుంది. పోతూ పోతూ నా చేతికి ఆకుపచ్చ గాజులు తొడిగింది. అవి గలగలమంటుంటే చేతులు వీపు వెనక దాచుకున్నాను.

దవాఖానలో డాక్టర్ కళ్లు బాగున్నాయన్నాడు. "ఆయన నా పని సూసిండా?" అన్నాడు నాయిన. ఆ తర్వాత మళ్లీ పళ్లు కోయలేదు. తలుపులు, మంచాలు, అన్నీ మేకుల పనే.

ఇప్పుడు ఖాలా లేదు. గాజులు అట్టపెట్టెల్లో దుకాణాలకు వస్తున్నాయి. పందిరి తీసేశాం, ఆ బల్ల తుక్కు కింద అమ్ముడుపోయింది. మొన్న ఆదివారం నేనొక పెట్టె బిగిస్తుంటే నాయిన కర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. మూలను బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"సందుల గోరు గూడ వడ్తలేదు. నీ కండ్లు మంచిగున్నయ్ బిడ్డా. నాయి అప్పుడే పోయినయ్."

నా మిషన్ పుల్ల నా చేతి పక్కనే ఉంది. చెప్పడానికి ఒక్క మాట చాలు.

"అవును నాయినా" అన్నాను.