ఆగ్నెస్ చేపల బల్ల

"ఈ సీజన్ అయ్యేదాకా ఇక్కడ చేపలమ్మడం మానెయ్. మా పడవల క్లబ్బు నీకు డబ్బిస్తుంది" అన్నాడాయన.

"ఎందుకిస్తుంది?" అంది ఆగ్నెస్, చేప పొట్ట కోస్తూనే.

"టూరిస్టులొస్తున్నారు. పడవలకి కొత్త రేవు కట్టాం. దేశం ముందుకెళ్తోంది, మన ఊరూ వెళ్లాలి కదా. గవర్నమెంటు మీకెలాగూ అన్నీ ఊరికే ఇస్తోంది."

"ఊరికేనా? నేలంతా మీకిచ్చి, చేపలు పట్టుకునే హక్కు మాకుంచుకున్నాం. ఆ ఒప్పందం మీద మా తాతలూ సంతకం పెట్టారు, మీ తాతలూ పెట్టారు. ఆ రేవులో పడవ పడవకీ ఒక కుళాయి పెట్టారు. మా పేటలో ఇంటికొకటి కూడా లేదు. మీరు వెళ్లే ఆ ముందు ఎటుందో చెప్పండి, మేమూ వస్తాం."

ఇవాళ నోవై అనే ఊళ్లో మా మనవరాలు తన వంటింటి సింకులో చేప కడుగుతుంటే, ఆ పచ్చి వాసనకి, అప్పుడు పక్కనే నిలబడి విన్న ఈ మాటలన్నీ నాకు వరసగా గుర్తొచ్చాయి. డెబ్బయ్యో దశకం చివర్లో మేం మిషిగన్ ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున్న చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడి కాగితం మిల్లులో ఇంజనీరు. నాది అయిదో తరగతి చదువు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆగ్నెస్ ఒజిబ్వే అనే ఆదివాసీ తెగ మనిషి. ఆ నేల మొదట వాళ్లదే. తమ్ముడితో కలిసి వలలు వేసి, పట్టిన చేపల్ని రోడ్డు పక్కన బల్ల వేసుకుని అమ్మేది. ఆ బల్లే ఆవిడ బతుకు.

నేను పిసినారిదాన్నే, దాచుకోవడమెందుకు. వాడిన అల్యూమినియం రేకు కడిగి ఆరేసుకుంటాను. మాది కాకినాడ వైపు. చేప తలలన్నీ ఆవిడ పక్షులకి విసిరేస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఉండబట్టలేక ఆ తలలు నాకిమ్మన్నాను.

"ఏమిస్తావు?" అంది.

"పారేసేవే కదా?"

"పక్షులకి వేస్తే అది నా ఇష్టం. నీకు ఊరికే ఇస్తే రేపు నీకే నామీద అలుసో, నీమీద నీకే చిన్నతనమో పుడుతుంది. ఏదో ఒకటి పట్రా."

మర్నాడు ఆ తలలతోనే పులుసు పెట్టి డబ్బాలో తీసుకెళ్లాను. నిలబడే తింది. కళ్లూ ముక్కూ కారిపోయాయి. "మీ ఊళ్లో జనం దీన్ని కావాలనే తింటారా?" అంది. అంటూనే డబ్బా ఖాళీ చేసింది. ఆ తరవాత మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏదీ ఊరికే జరగలేదు. ఒక చలికాలం వాళ్లింటికి వెళ్లాను. తాగే నీళ్లు పెట్రోలు బంకు నుంచి డబ్బాల్లో మోసుకొస్తున్నారు. నేను అయ్యో అనబోతే ఆపేసింది. "జాలి వద్దు. పైపు రావాలి. గవర్నమెంటు ఆఫీసుకి వెళ్తూనే ఉంటాను, వాళ్లకి విసుగొచ్చేదాకా." ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తామంటే నా చెయ్యి ముందుకు పోదు. న్యాయంగా రావలసినది మాత్రం ఎంతసేపైనా నిలబడి అడుగుతాను. అది ఆవిడ దగ్గర నేర్చిందే.

ఆ రోజు ఆగ్నెస్‌తో వాదించినాయన మా మిల్లు మేనేజరు. వెళ్లిపోతూ నావైపు తిరిగాడు. "నువ్వు మా ఇంజనీరు భార్యవి కదూ? మంచి చేపలు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి" అన్నాడు.

సాయంత్రం మా ఆయన బూట్లు విప్పకుండానే మొదలుపెట్టారు. "సుగుణా, ఇక అటు వెళ్లకు. గ్రీన్ కార్డ్ పేపర్స్ మీద సైన్ చేయాల్సింది ఆయనే."

"నాలాంటివాళ్లంతా మానేస్తే ఆవిడ దగ్గర ఎవరు కొంటారండీ?"

"ఎవరూ కొనకూడదనే కదా వాళ్ల పట్టుదల. నా జాబ్ పోతే ఏం చేస్తావు?"

"మనమూ చేపలమ్ముకుందాం."

ఆయనకి నవ్వు రాలేదు. వెళ్లొద్దని మళ్లీ మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లాను. బల్ల రోడ్డు పక్క గుంటలో బోర్లా పడి ఉంది. ఒక కాలు లేదు. ఆగ్నెస్ ఐసుపెట్టె మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

"ఎవరు చేశారు?" అన్నాను.

"గాలి" అంది. "ఈమధ్య గాలికి రంపం కూడా దొరికినట్టుంది. ఆ కొస పట్టుకో."

ఇద్దరం పైకి లాగాం. తెగిన కాలి చోట ఐసుపెట్టె నిలబెట్టి, బల్ల తుడిచి చేపలు పరిచాం. అంతలో మేనేజరు కారు మిల్లువైపు వస్తూ కనిపించింది. నేను తల దించుకున్నాను.

"తలెత్తు" అంది ఆగ్నెస్. "చెయ్యి ఊపు. ఇక్కడున్నది నువ్వో కాదో అని ఆయన రోజంతా అనుమానపడకూడదు పాపం."

ఊపాను. కారు కొంచెం నెమ్మదించి, ముందుకు వెళ్లిపోయింది. ఆగ్నెస్ నాకొక కత్తి ఇచ్చింది. ఇద్దరం పొలుసు తీయడం మొదలుపెట్టాం.