జులపాలాయన సంతాప సభ

ఆ రోజుల్లో పేపర్లో పేరు పడితేనే మనిషి బతికి ఉన్నట్టు లెక్క. బాన్సువాడలో ఆ పేర్లు రాసి పంపే విలేకరి పని కొత్తగా నా చేతికొచ్చింది. (నడక కూడా కొంచెం మారిందని అమ్మ అనేది.)

బాపు చెరకు రైతు. పెళ్లికి ముందు దుబాయిలో లారీ నడిపిన రోజుల్లో గదిలో తోటివాడెవరో ఇచ్చిన ఒక్క క్యాసెట్‌తో ఒక విదేశీ రాక్ గాయకుడికి జీవితాంతం చిక్కిపోయాడు. క్యాసెట్ అట్ట మీద భుజాలు దాటిన జుట్టు చూసి అమ్మ ఆ గాయకుడికి జులపాలాయన అని పేరు పెట్టింది. బాపుకు ఇంగ్లిష్ రాదు. నాకు వచ్చని ఆయన నమ్మకం. ట్రాక్టర్ మీద క్యాసెట్ పెట్టి "ఏమంటుండు బిడ్డా?" అని అడిగేవాడు. "కరెంటు ఇస్తలేరని మొత్తుకుంటుండు బాపూ" అనేవాణ్ని. "గందుకే గంత గోస" అని బాపు తల ఊపేవాడు. అలా అబద్ధాలు చెబుతూ చెబుతూ నేనూ ఆ గొంతుకు అలవాటుపడ్డాను.

ఆ గాయకుడు పోయిన వార్త నేను చెప్పిన రోజు బాపు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే, "మనూరి తరఫున సంతాప సభ పెడదం. మీ పేపర్ల ఎయ్యి. నా పేరు, ఆయన పేరు పక్కపక్కన పడాలె" అన్నాడు. జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

పేపరు జిల్లా ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మృతుడిది ఏ మండలం?" అన్నారు. విదేశమని చెప్పాను. "పెద్దలెవరైనా వస్తే చూద్దాం" అన్నారు.

పెద్దల్ని పోగేశాను. ఎరువుల దుకాణం ముందు కుర్చీలు వేశాం. క్యాసెట్ అట్ట మీది బొటనవేలంత బొమ్మకు బంతిపూల దండ వేస్తే బొమ్మే కనబడకుండా పోయింది. వచ్చిన నాయకుడు బాపు కన్నీళ్లు చూసి, "నీకేమైతడే?" అని మెల్లగా అడిగాడు.

"ఏం గాడన్నా. ఇరవై అయిదేండ్ల సంది మా ఇంట్లనే ఉంటుండు."

నాయకుడు దాన్ని పట్టుకుని, ఈ ప్రాంత రైతాంగానికి మృతుడు చేసిన సేవలు మరువలేనివని పావుగంట మాట్లాడాడు. మేం చప్పట్లు కొట్టాం. (సంతాప సభలో కొట్టకూడదని తర్వాత గుర్తొచ్చింది.)

వార్త రాసేటప్పుడు నాకు మర్యాద పట్టుకుంది. సొంత తండ్రి పేరు ముందు రాస్తే ఎవరేమనుకుంటారో అని, పైన 'విదేశీ గాయకుడు' అని మాత్రం సరిపెట్టి, పెద్దల పేర్లన్నీ అయ్యాక, చిట్టచివర బాపు పేరు, దాని పక్కనే గాయకుడి పేరు పెట్టాను. చోటు చాలకపోతే డెస్కువాళ్లు కోసేది చివరినుంచేనని నాకు తెలుసు. తెలిసీ అలాగే రాశాను.

పొద్దున బాపు పేపర్ మీద వేలు పెట్టి అక్షరం అక్షరం వెతికాడు.

"నా పేరేది బిడ్డా?"

"తదితరులు అని ఉంది సూడు, గండ్ల ఉన్నవ్ బాపూ."

"మరి ఆయన పేరు?"

"అది గూడ... గండ్లనే."

బాపు వేలు ఆ ఒక్క మాట మీదికి జరిపాడు. "ఇగ మంచిదే. ఇద్దరం ఒక్క కాడనే ఉన్నం" అని ఆ ముక్క కత్తిరించి క్యాసెట్ పెట్టెలో పెట్టుకున్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బాపు పోయినప్పుడు వార్తలో ఆయన పేరు మొట్టమొదట వేయించాను. వేలు పెట్టి చదువుకోవడానికి ఆయన లేడు. ఇన్నేళ్ల పేపరు పనిలో 'తదితరులు' అని ఎన్నిసార్లు రాశానో తెలియదు. రాసిన ప్రతిసారీ ఆ మాటలో ట్రాక్టర్ మీద బాపు, జులపాలాయన ఇద్దరూ కనిపిస్తారు. కొంచెం జరగమంటే, వచ్చీరాని ఇంగ్లిష్‌తో అబద్ధాలు చెప్పడానికి మూడోవాడికీ చోటుంటుంది.