గిన్నెమ్మ సెలవు

కొండ మీది కేంద్రంలో పనిచేసే ఆమెను కింది ఊరివాళ్లు గిన్నెమ్మ అనేవారు. డాబా మీద సిమెంటు దిమ్మెకు బిగించిన యాంటెన్నా అచ్చం బోర్లించిన గిన్నెలా ఉంటుంది మరి. అది ఉపగ్రహాల సంకేతాలను పట్టుకుని గదిలోని రిసీవరుకు అందిస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే సంకేతం రవ్వంత ఆలస్యంగా వస్తుంది. ఇలాంటి కేంద్రాలన్నిటి ఆలస్యాలనూ కలిపి, ఆకాశం ఎంత నీరు మోస్తోందో నగరంలోని ఇంజనీరు లెక్కకడతాడు. ఆ గిన్నెను వెంట్రుకవాసి కూడా కదపకూడదు. కరెంటు పోగానే బ్యాటరీలకు మార్చే మనిషి ఉండాలి గనుక ఆమె కూడా కదలకూడదు.

భర్త పోయాక దొరికిన ఉద్యోగం. ఏడాదికని వచ్చింది. మరొకరు ఒప్పుకోక ఏళ్ల తరబడి అక్కడే చిక్కుబడింది. కూతురు పట్నంలో తన అక్క దగ్గర పెరుగుతోంది. ఇక్కడ రిసీవరు గది, వంటగది, రోజంతా ఫ్యాను రొద. ఒక్కోసారి తనలో తనే మాట్లాడుకుని ఉలిక్కిపడేది.

చివరికి బదిలీ వచ్చింది. తన చోటికి వచ్చే ఆయన జీపెక్కాడని తెలిసి, పెట్టె సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. అప్పుడే ఇంజనీరు ఫోను చేశాడు.

"అమ్మా, మీ దగ్గర తేమ ఉన్నట్టుండి పెరిగినట్టు చూపిస్తోంది. పక్క కేంద్రాల్లో అంత లేదు. మిషనేమైనా పాడైందా? నిజంగానే అంత తేమ ఉంటే వాన కుమ్మేస్తుంది. జీపును ఆపించాలి."

పాడైందేమో అంటే చాలు, జీపు ఆగదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. డాబా ఎక్కి చూసింది. కేబులు బిగువుగానే ఉంది. గిన్నె మీద ఆకు కూడా లేదు.

"మిషను బాగానే ఉంది సార్. జీపును ఆపించండి," అంది.

సాయంత్రానికి వాన విరుచుకుపడింది. ఒక మలుపు దగ్గర రోడ్డు లోయలోకి జారిపోయింది. కింది ఊళ్లో ఆగిపోయిన ఆ కొత్తాయన కొండను ఎగాదిగా చూసి వెనక్కి వెళ్లి, వేరే చోటికి బదిలీ చేయించుకున్నాడు.

"నువ్వు రావట్లేదని పెద్దమ్మ చెప్పేసిందిలే," అంది కూతురు ఫోనులో. గొంతులో అలక కూడా లేదు.

రోడ్డు బాగయ్యాక కొద్దిరోజులు సెలవిచ్చారు. ఆ రోజులు కేంద్రాన్ని చూసుకోవడానికి ఇంజనీరే వచ్చాడు.

"ఆ రోజు మీరు అబద్ధం చెప్పినా నాకు తెలిసేది కాదు," అన్నాడు.

"తెలుసు సార్," అంది ఆమె.

అక్క ఇంట్లో కూతురు మంచినీళ్లు తెచ్చిచ్చి, చుట్టాన్ని అడిగినట్టు అడిగింది.

"ఎన్నాళ్లుంటావు?"

"ఆదివారం దాకా."

"అయితే నా పక్కలో పడుకో. పెద్దమ్మకు నేను చెప్తాలే."

ఆదివారం కొండకు తిరిగి వెళ్లడానికి ఆమె జీపెక్కుతుంటే, "మీ చోటికి మళ్లీ ఎవరినో పంపిస్తారట కదా గిన్నెమ్మా?" అన్నాడు డ్రైవరు.

"అంటున్నారు," అని ఆమె తలుపు లాగి వేసుకుంది.